గంగమ్మకు ఒడిబియ్యం

మా అత్త రుక్కమ్మకు నీళ్లు కనిపిస్తే చాలు, చేయి ఊరుకోదు. చంద్రపూర్‌లో రాజురా బస్సెక్కి, వర్ధా వంతెన మీదికి రాగానే కొంగుముడి విప్పి చిల్లర తీస్తుంది. దానికి చిటికెడు పసుపు, కుంకుమ కలిపి కిటికీలోంచి విసురుతుంది. గాలికి ఆ కుంకుమంతా వెనక సీటు వాళ్ల మొహాన పడుతుంది. వాళ్లు మరాఠీలో తిడతారు, ఈమె తెలుగులో దీవిస్తుంది. పక్కన తలవంచుకుని కూర్చునేది మాత్రం కోడలినైన నేను.

అలాంటి మనిషిని నేను సముద్రం మధ్యనున్న దీవికి తీసుకెళ్లాలి! నా పేరు హేమలత. మా బొగ్గుగనుల కాలనీ వాళ్లను ఊళ్లు తిప్పి తీసుకురావడం నా పని.

అండమాన్‌లో ఒక చిన్న దీవిలో అన్నపూర్ణమ్మ అనే ఆవిడకు లవంగం, దాల్చినచెక్క, జాజికాయ, మిరియాల తోట ఉంది. వాళ్ల తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లి అక్కడ స్థిరపడ్డారు. తోటలోనే కొన్ని గదులు కట్టింది, కొద్దిమందినే ఉండనిస్తుంది. పడవలో తిప్పి పగడపు దిబ్బలు చూపిస్తుంది. ప్లాస్టిక్ సంచి గట్టెక్కకూడదు, గవ్వ కూడా జేబులో వేసుకోకూడదు, ఇదీ ఆవిడ చట్టం. పోయినేడు, నాలాగే యాత్రలు తిప్పే మా కాలనీ అనంతరావు వెంట వెళ్లిన ఆడవాళ్లు గంగమ్మకు సారె అంటూ బియ్యం, కొబ్బరికాయలు, రవికె గుడ్డలు సంచులతో సహా ఆ దిబ్బల మీద వదిలి, దండం పెట్టుకుని వచ్చేశారు. ఆవిడ చాందా వాళ్లకు తలుపు మూసేసింది. మా ఊరిని పాతవాళ్లు అలాగే పిలుస్తారు, ఆవిడ నోట అది తిట్టులా వినిపించేది. నేను ఫోన్‌లో గడ్డం పట్టుకున్నంత పనిచేస్తే, చివరికి ఒక్కసారికి ఒప్పుకుంది. ఈసారి ఒక్క గుడ్డముక్క నీళ్లలో పడినా మీ ఊరి పేరు నా దగ్గర ఎత్తొద్దంది.

సరేనన్నాను గానీ, గండం నా ఇంట్లోనే ఉంది. మా మామ సదానందం బాయిలో, అంటే బొగ్గుగనిలో పనిచేసేటప్పుడు ఒకసారి నీళ్లు ముంచుకొచ్చాయి. ఆయన పైకి వచ్చేదాకా అత్త బాయి గేటు దగ్గర బురదలో కూర్చుని గంగమ్మకు మొక్కుకుంది. నా మనిషిని నాకిస్తే సముద్రానికి వచ్చి నీకు సారె పెడతానని. ఆయన వచ్చాడు. సముద్రమే ఇన్నేళ్లూ అందలేదు. మామకు జ్వరమొచ్చినా, మోకాలు నొచ్చినా అత్తకు మొక్కు గుర్తొచ్చి దిగులు పట్టుకునేది.

బయల్దేరే ముందు ఆమె సంచి విప్పించాను. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, ఆకుపచ్చ రవికె గుడ్డ.

"అత్తమ్మా, గివన్ని వర్ధాలనే ఇయ్యరాదు? ఆ నీళ్లు గోదాట్ల కలిసి సముద్రానికే పోతయి."

"నేను మొక్కింది వర్ధకు గాదు."

"గుడ్డపేలిక పడ్డా ఆమె మనల్ని ఎల్లగొడ్తది."

"కొట్టనియ్యి. మీ మామ పానం ఆమె ఇచ్చిందా, గంగమ్మ ఇచ్చిందా?"

నాకు కోపమొచ్చింది. మూట లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశాను. అత్త వంటింట్లోకి వెళ్లిపోయింది. అంత తేలిగ్గా వదిలేసిందంటేనే నాకు అనుమానం రావాల్సింది.

దీవిలో మొదటి రోజే అత్త, మామ, కాలనీవాళ్లం అందరం పడవెక్కాం. పడవ అడుగున అద్దం ఉంది. బొగ్గు దుమ్ములో పుట్టి పెరిగినవాళ్లం, కింద ఆ రంగులు చూసి అద్దం మీదికి వంగిపోయాం. ఒకచోట దిబ్బంతా తెల్లబడి, చచ్చి ఉంది. పోయినేడు సంచులు చిక్కుకున్నది అక్కడేనని అన్నపూర్ణమ్మ చూపించింది. రోజూ పొద్దున్నే నీళ్లలో దిగి చెత్త ఏరుతుందట. మునుపు చేపల వేటకెళ్లిన భర్త పడవ తిరిగి రాలేదట. అయినా ఈ సముద్రాన్ని విడిచి పోలేకపోయానంది.

గట్టుకు రాగానే అత్త, మామ భుజానున్న సంచి అందుకుని అందులోంచి మూట తీసింది. మళ్లీ కొత్తగా కట్టిన మూట! ఆయన సంచి వెతకాలన్న బుద్ధి నాకెందుకు పుట్టలేదో! మామ ఎటో చూస్తున్నాడు. అన్నపూర్ణమ్మ మొహం ఎర్రబడింది. అత్త చీర ఎత్తిపట్టి మోకాలి లోతు నీళ్లలోకి నడిచింది. అయిపోయిందనుకున్నాను, మా ఊరి పరువు నా ఇంటి మనిషి చేతుల్లోనే పోయిందనుకున్నాను.

అత్త ఆ చచ్చిన దిబ్బ వైపు చూసింది, గట్టున నిలబడ్డ అన్నపూర్ణమ్మ వైపు చూసింది. తర్వాత వెనక్కి తిరిగి మూటతోనే గట్టెక్కింది.

"సారె తెచ్చి ఆడబిడ్డ వాకిట్ల పారేస్తమా? ఒడిల పోస్తం" అంది నన్ను చూసి. "గంగమ్మ ఇంటిని కనిపెట్టుకున్నది ఈ బిడ్డ. ఆమెను పీటేసి కూసోబెట్టు."

మా వైపు ఆడబిడ్డకు పుట్టింటివాళ్లు ఒడిబియ్యం పోస్తారు. భర్త ఉన్న ఆడవాళ్లకే పోస్తారు. ఆ సంగతి తెలిసిందేమో, అన్నపూర్ణమ్మ రెండడుగులు వెనక్కి వేసింది.

"నాకొద్దమ్మా. నాను ముండమోసినదాన్ని."

మా బృందంలో పెద్దవాళ్లు కూడా మొహాలు చూసుకున్నారు. అత్త వాళ్ల వైపు ఒక్క చూపు చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు.

"ఇన్నేండ్లు మొక్కినం గద. గంగమ్మకు మొగుడున్నడా లేడా అని ఎన్నడన్న అడిగినమా?"

నేను పీట తెచ్చి వేశాను. అన్నపూర్ణమ్మ ఏడుస్తూనే సముద్రానికి ఎదురుగా కూర్చుని ఒడి పట్టింది. అత్త మొదటి దోసిలి పోసింది, తర్వాత నేను, తర్వాత మొహాలు చూసుకున్న ఆ పెద్దవాళ్లే వరస కట్టారు. రవికె గుడ్డ ఒళ్లో పడింది, ఖర్జూరాలు పడ్డాయి, కుడుకలు పడ్డాయి. మామ దూరంగా నిలబడి కళ్లు తుడుచుకున్నాడు. మా అత్తను చూసి నాకు అంత గర్వం ఎప్పుడూ కలగలేదు.

అన్నపూర్ణమ్మ ఒడి దులపకుండా జాగ్రత్తగా లేచి, తోటలోని వంటమనిషికి కేకేసింది.

"ఈ బియ్యమే వండు. తోటలో లవంగం, దాల్చినచెక్క కోసి అందులో ఏయి. మా పుట్టింటోళ్లు చాందా నుంచొచ్చినారు."