నూకయ్య బండిలో వాన

జలంత్రకోట రోడ్డు మలుపులో తవిటయ్య టీకొట్టుకి రోజూ పొద్దున్నే పాలు పోసేది ఉషారాణి. పాలు పోసి నిలబడకుండా వెళ్లిపోయే మనిషే. ఈ మధ్య మాత్రం బల్ల చివర కూలబడి, అరగ్లాసు టీని చల్లారిపోయేదాకా తాగుతోంది. అక్కడ నడిచే వాదన అలాంటిది మరి. పాత పికప్ బండ్లలో ఏది నమ్మకమైనది? ఈ ఒక్క ప్రశ్న మీద ఆ కొట్టు ముందు మగవాళ్లు ఏళ్ల తరబడి గొంతులు చించుకుంటున్నారు. ఇంతవరకూ ఒక్కడూ తన మాట వెనక్కి తీసుకున్న పాపాన పోలేదు.

"ఇరవై యేళ్లయినా 407 బండి ఇంజను గుండెకాయనాగ కొట్టుకుంతాది. ఎంత బరువేసినా కిక్కురుమనదు," అన్నాడు పోలారావు. ఆయనకు ఊరవతల జీడితోటలున్నాయి.

"బరువు సంగతి కాదు బావా, ఇసకలో దిగబడితే బయటికి రావాల. దానికి పాత బొలెరోయే. మొన్న ఒకదాన్ని విప్పి సూసినాను. లోపల పెళ్లికూతురునాగుంది," అన్నాడు మెకానిక్కు కామేశ్.

తవిటయ్యకు సైకిలు కూడా లేదు. అయినా అందరికంటే గట్టిగా అరిచేది ఆయనే.

మిగతావాళ్లకి ఇది కాలక్షేపం. ఉషారాణికి కాదు. తిత్లీ తుఫానుకి వాళ్ల కొబ్బరిచెట్లన్నీ నేలకూలాయి. అప్పటినుంచి ఏటా జీడిపిక్కల కోత అవగానే మొగుడు ధనుంజయ్ సెంట్రింగు పనికి చెన్నై వెళ్లిపోతున్నాడు. తిరిగొచ్చిన ప్రతిసారీ కూతురు సాహిత్య అతన్ని చుట్టాన్ని చూసినట్టు చూస్తోంది. ఈసారి అతనే ఒక మాటన్నాడు. "నమ్మకమైన పాత బండొకటి దొరికితే ఇక్కడే బాడుగలు తోలుకుంతాను. నేదంటే గురువారం రైలెక్కేత్తాను." అందుకే ఉషారాణి ఆ వాదనలో ప్రతి మాటా చెవులు రిక్కించి వింటోంది.

అంతలో నూకయ్య బండి వచ్చి ఆగింది. సముద్రం ఒడ్డునుంచి పలాసకి చేపలు తోలే ముసలాయన. తిత్లీ రోజున ఆ బండి రేవులోనే ఉండిపోయింది. తుఫాను వెళ్లిపోతూ ఒక మబ్బుముక్కను దాని తొట్టి మీద వదిలేసింది. ఆ రోజునుంచి తొట్టి మేరకు సన్నగా వాన పడుతూనే ఉంది. చేపలకి ఐసు కొనే పని తప్పింది కాబట్టి నూకయ్య బాగుందనుకున్నాడు. ఊళ్లవాళ్లు కూడా బండి వెనకాల నడిచేటప్పుడు కాస్త దూరంగా నడవడం అలవాటు చేసుకున్నారు.

"సూపు ఆనడంనేదర్రా. ఇంక అమ్మేత్తాను," అన్నాడు నూకయ్య.

కొట్టంతా లేచి బండి చుట్టూ మూగింది. ఆ బండిది ఏ కంపెనీయో ఎవరికీ తెలియదు. పేరు పలక తుఫానుకే ఎగిరిపోయింది. ఇంజను చప్పుడు విని పోలారావు అది 407 అన్నాడు. కింద దూరి కామేశ్ అది బొలెరోయే అన్నాడు. దారిలో ఒక్కసారి కూడా ఆగని బండి అని మాత్రం ఇద్దరూ ఒప్పుకున్నారు. ఆ కొట్టు ముందు ఇద్దరు ఒకే మాట అనడం అదే మొదలు.

"తాతా, మాకిచ్చీ," అంది ఉషారాణి.

ఆమె ఫోను చేస్తే ధనుంజయ్ వచ్చి, తొట్టి చుట్టూ తిరిగి, తల గోక్కున్నాడు. "ఇంజను బంగారమే గానీ, పిక్కలు తడిసిపోవా?"

"టార్పాలిను నేదేటి? కట్టేద్దుము," అన్నాడు పోలారావు.

ఉద్దానంలో ఆకాశం కాస్త నల్లబడితే చాలు, టార్పాలిను కోసం పరుగెత్తుతారు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి ఉన్న అలవాటు. ఆ పూటే బేరం కుదిరింది. మర్నాడే పోలారావు తోటలోని పిక్కల బస్తాలు ఎక్కించి, పైన టార్పాలిను బిగించి కట్టారు. ధనుంజయ్ కొత్త చొక్కా తొడుక్కుని పలాస బయలుదేరాడు. దారి పొడుగునా టార్పాలిను పొడిగానే ఉంది. వాన దాని కిందే కురిసింది.

పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ యజమాని బస్తాలో చెయ్యి పెట్టి ఒక గుప్పెడు తీశాడు. "పిక్కలా ఇవి, నానబెట్టిన శనగలా?" అని మళ్లీ బస్తాలో పోసేశాడు.

బస్తాలన్నీ వెనక్కి తెచ్చి పోలారావు కళ్లంలో ఆరబోశారు. పోలారావు మంచివాడు, పల్లెత్తు మాటనలేదు. "టార్పాలిను కట్టమన్నది నేనే గదరా" అని నవ్వేశాడు. ఆ నవ్వే ధనుంజయ్‌కి ముల్లులా గుచ్చుకుంది. బండి తన కంట పడకూడదని ఊరి చివర తమ ఇసక తోటలో వదిలేసి వచ్చి, అటకమీది సంచీ దించాడు. సాహిత్య ఆ సంచీని చూసి ఆడుకోవడానికి వీధిలోకి వెళ్లిపోయింది. ఉషారాణి తన కంచంలో అన్నం ఆవు కుడితిలో పోసేసింది. ఆ బండిని కొనిపించింది తనే కదా.

గురువారం పొద్దున్న ఆవుకి గడ్డి కోసుకొద్దామని ఉషారాణి తోటకి వెళ్లింది. కూలిన చెట్ల చోట నిరుడు నాటిన కొబ్బరిమొక్కలు అక్కడే ఉన్నాయి. నీళ్లు మోయలేక, మోసినా ఇసకలో నిలవక, ఎండిపోయాయని వాటి మీద ఆశ వదిలేసుకున్నారు. బండి ఆ వరసల మొదట్లో నిలబడి ఉంది. వెనక తలుపు సందులోంచి నీళ్లు కారి, ఇసకలో చిన్న కాలువ కట్టి, మొదటి వరస పొడుగునా పారుతున్నాయి.

ఆమె గడ్డి సంగతి మర్చిపోయి ఫోను తీసింది.

"మావా, ఓపాలి తోటకి రా."

"బట్టలు మార్చీసినాను. ఏటి సెప్పు."

"సెప్పితే తెలీదు. రా."

విసుక్కుంటూ వచ్చాడు. భుజాన సంచీ అలాగే ఉంది. తోటలో నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. మొదటి వరసలో ప్రతి మొక్కకీ నడుమ మొవ్వు పచ్చగా, నిటారుగా లేచి ఉంది. రెండో వరసనుంచి అన్నీ గోధుమరంగులోనే ఉన్నాయి. అతను ఒంగి ఒక మొవ్వును రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా లాగి చూశాడు. ఊడి రాలేదు. లోపల ప్రాణముంది.

సంచీని బండి ముందు సీట్లో పడేశాడు. తాళం ఒక్కసారి తిప్పగానే ఇంజను అందుకుంది. బండిని రెండో వరస మొదటికి జరిపి ఆపి, కిందికి దిగి, ఇస్త్రీ చొక్కాతోనే మోకాళ్ల మీద కూర్చుని చేతులతో కాలువ తీయడం మొదలెట్టాడు. ఉషారాణి కొడవలి పక్కన పెట్టి ఎదురుగా కూర్చుని అటునుంచి పాదులు చేస్తోంది. ఏమైనా అంటే ఆ పని ఎక్కడ ఆగిపోతుందోనని ఆమె భయం.

ఫోను మోగింది. చేతులకి బురద అంటుకోవడంతో స్పీకర్లో పెట్టాడు. చెన్నై మేస్త్రీ ఢిల్లీశ్వరరావు.

"ఏరా, స్టేషనుకి బయలెల్లినావా?"

"నేదు మేస్త్రీ. నాను రాలేను."

"ఏటయ్యిందిరా?"

"మా తోటలో వాన పడతంది. మొక్కలకి పాదులు సెయ్యాల."

"వానేటిరా? పలాసలో ఎండలు మండిపోతన్నాయని ఇందాకే ఎవరో అన్నారు!"

"పలాస సంగతి నాకు తెల్దు. మాకు పడతంది," అన్నాడు ధనుంజయ్.

ఉషారాణికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. బురదచేత్తోనే మొహం తుడుచుకుంది. ధనుంజయ్ ఫోను కట్టేసి, లేచి, బండిని మూడో వరసకి జరిపాడు.