ఇంకు రబ్బరు

“రుద్దింది నేనే. అయితే ఏవిటంటావు ఇప్పుడు?” అన్నాడు సాల్మన్ ఆఖరికి.

పొద్దున్నుంచీ నడుస్తున్న గొడవ అది. హెప్సిబా ముందు కూతుర్ని అడిగింది. తర్వాత పనిమనిషిని అడిగింది. ఇద్దరూ బిక్కమొహాలు వేశాక, పేపరు అడ్డం పెట్టుకు కూర్చున్న మొగుడి ముందుకొచ్చి నిలబడింది.

“నేనేమీ అనటం లేదండీ. దేంతో రుద్దారో చెప్పండి చాలండీ.”

హెప్సిబాకి కోపం పెరిగేకొద్దీ మాటలో ‘అండీ’లు పెరుగుతాయి. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. సాల్మన్ పేపరు మడిచి పక్కన పెట్టాడు.

“చిన్నదాని కంపాస్ బాక్సులో ఉందిగా, ఎర్రా నీలం రబ్బరు. దాంతో.”

“ఏ వైపండీ?”

“నీలం వైపు. పచ్చబొట్టు కదా, ఇంకు రబ్బరయితేనే పోతుందని...”

భోజనాల బల్ల దగ్గర చిక్కుళ్ళు ఈనెలు తీస్తున్న స్టెల్లా కిసుక్కున నవ్వింది. సాల్మన్ అక్కగారు ఆవిడ. ఏలూరులో హెడ్‌మిస్ట్రెస్. ఆదివారం కార్యక్రమం కోసం ముందుగానే వచ్చింది.

“పచ్చబొట్టు అత్తయ్యగారి నుదుటి మీదుండేదండీ,” అంది హెప్సిబా. “కాగితం మీదున్నది పెన్సిలండీ. మెత్తటి రబ్బరు అద్దితే లేచొచ్చేస్తుంది. మీరు గరుకు రబ్బరు పెట్టి తోలు ఒలిచేశారండీ.”

ఆ బొమ్మ సాల్మన్ తల్లి సూరమ్మది. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది. బతికున్నన్నాళ్ళూ తాడేపల్లిగూడెంలో వాళ్ళ సంఘం ఆడవాళ్ళ దగ్గర పిడికెడు బియ్యం పోగుచేసిన మనిషి. పూటపూటా ఎసట్లో పోసేముందు ఎవరింట్లో వాళ్ళు ఒక పిడికెడు పక్కన పెడితే, శనివారం సంచి పట్టుకుని గడపగడపా తిరిగేది. ఆ బియ్యం అమ్మగా అమ్మగా చర్చి పక్కన ఆడవాళ్ళకంటూ ఒక హాలు లేచింది. అందులో సూరమ్మ బొమ్మ ఉండాలని ఆడవాళ్ళే అనుకున్నారు. స్కూల్లో డ్రాయింగ్ టీచరు కాబట్టి హెప్సిబానే గియ్యమన్నారు. పెట్టేది ఈ ఆదివారమే.

గియ్యటానికి ఉన్న ఫొటో ఒక్కటే. కొల్లేట్లో చేపల చెరువుల గట్లు సర్కారువాళ్ళు కొట్టించేసిన ఏడాది, మండవల్లిలో తమ్ముడి ఇంటి ముందు తీయించుకున్నది. మొహం మీద ఎండ. కళ్ళు చికిలించి, కెమెరా పట్టుకున్నవాణ్ణి తిట్టబోతున్నట్టు నిలబడింది. హెప్సిబా ఫొటో మీదా కాగితం మీదా గళ్ళు గీసుకుని మొదలుపెట్టింది. పక్కన రైస్‌మిల్లు ఊక నుసి పడకుండా బొమ్మ మీద పాత చీర కప్పి, స్కూలు నుంచి వచ్చాక రోజూ కాసేపు కూర్చునేది. కొలతలన్నీ సరిపోయాయి. పోలిక రాలేదు. కళ్ళు పెద్దవైపోయాయని ఫొటోని తలకిందులుగా పెట్టి మళ్ళీ గీసింది. కంటి తెలుపుని తెల్లగా వదిలేశానని అక్కడా లేత బూడిదరంగు నింపింది. అయినా ఎవరో మర్యాదస్తురాలు కూర్చున్నట్టే ఉంది. ఆఖరికి ఎడమ కనుబొమ్మ పైన పచ్చబొట్టు పెట్టేసరికి సూరమ్మ కాగితంలోంచి తలెత్తి, “ఏం చూస్తున్నావే, అన్నం మాడుతుంది” అన్నట్టయింది.

సాల్మన్‌కి మింగుడుపడనిది అదే.

“బొట్టున్న బొమ్మ చర్చి హాల్లో పెడతావా?” అన్నాడు చూసిన రోజే. మర్నాడు మెయిన్ రోడ్డు మీది స్టూడియోలో ‘టచింగ్’ చేయించుకుని ఒక పెద్ద ఫొటో పట్టుకొచ్చాడు. అందులో సూరమ్మ రంగు తేలింది, కళ్ళు విప్పుకుంది, తెగిన చెవితమ్మె అతుక్కుని దానికి జూకా వేలాడింది. వెనకాల మండవల్లి పోయి మంచుకొండలొచ్చాయి. “దీన్ని చూసి బాగుచెయ్యి” అన్నాడు. హెప్సిబా దాన్ని బీరువా వెనక పెట్టింది. వారం తిరక్కుండా ఈ రబ్బరు పని.

“ఒరే, నీ పని తప్పే గానీ,” అంది స్టెల్లా చిక్కుళ్ళు వదలకుండా, “హెప్సిబా, నువ్వూ కాస్త ఆలోచించు. ఆదివారం ఏలూరు నుంచి పెద్దలొస్తున్నారు. వాళ్ళకేం తెలుసు అది పచ్చబొట్టో, తిలకమో? వీడు చర్చి కమిటీ సెక్రటరీ కూడాను.”

“తెలియకపోతే అడుగుతారండి వదినగారూ. అడిగితే చెబుదామండీ.”

“ఏవని చెబుతావు? మా అమ్మ కొల్లేటి లంకలో చేపలు పట్టేవాళ్ళ పిల్లని చెబుతావా?” అన్నాడు సాల్మన్.

“ఔనండీ. కాదా అండీ?”

అతను లేచి నిలబడ్డాడు. “అమ్మే దాచుకునేది. ఆదివారం పౌడరు అద్దుకోకుండా చర్చికి ఏనాడన్నా బయల్దేరిందా?”

“పౌడరు అద్దుకోవటం ఆవిడిష్టమండీ. రెండో పాటకల్లా చెమటపట్టి మళ్ళీ బయటికొచ్చేదండీ. మీరు చెమటకి కూడా రాకుండా రుద్దారండీ.”

అత్తగారి మీద ప్రేమ కారిపోయి అన్న మాట కాదది. కాపురానికొచ్చిన నాటినుంచీ సూరమ్మ ఆవిణ్ణి సాధించుకు తింది. బొమ్మలేసుకునేదానికి కూరేం వస్తుందనేది. కడుపుతో ఉన్నప్పుడు కాగితాలు పొయ్యిలో పెట్టింది. కానీ మంచాన పడ్డాక తల దువ్వించుకుంటూ ఒకరోజు తానే చెప్పింది. లంకలోకి పడవ మీద పచ్చబొట్లావిడ వచ్చిందట. తల్లి కాళ్ళ మధ్య అదిమి పట్టుకుంటే తను గింజుకుందట. సూది జారి, నడినుదుట పడాల్సింది కనుబొమ్మ మీదికి పోయింది.

“ఎందుకే నన్నిలా పొడిపించావంటే మాయమ్మ ఏవందో తెలుసా? వరదొచ్చి పిల్లలు చెదిరిపోతే, ఇది నా పిల్లేనని చూపించుకోవటానికి గుర్తుండాలిగా అంది. ఆ బాప్తిస్మమిచ్చిన దొరగారు చూసి ఏదో అనబోయాడు. దేవుడికి తెలీదేవిటయ్యా, ఆయన కూడా దీన్ని చూసే నన్ను గుర్తుపడతాడన్నాను.”

ఇది సాల్మన్ వినలేదు. తల్లి తల ఏనాడూ దువ్వినవాడు కాదు.

అంతలో వీధి వరండాలోంచి కృపానందం మాస్టారు చుట్ట నోట పెట్టుకుని లోపలికొచ్చాడు. సూరమ్మ భర్త. మిషన్ స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. భార్య ఉన్నన్నాళ్ళూ చుట్టకి ఇల్లు దాటి మిల్లు గోడ దాకా పోయేవాడు. ఇప్పుడడిగేవాళ్ళు లేరు. గొడవేవిటో వినిపించుకోకుండా బొమ్మ దగ్గరికి వెళ్ళి, కళ్ళజోడు పైకి తోసుకుని పరకాయించి చూశాడు. పొగ వదిలాడు.

“ఎవరమ్మాయ్, మీ అమ్మగారా? బాగా కుదిరారు.”

“నాన్నగారూ, అమ్మండీ అది!” అంది స్టెల్లా.

“అలాగా?” అన్నాడు పెద్దాయన. వేలితో కాగితం మీద లేచిన నూగు తడిమాడు. “ఇక్కడేదో గరుగ్గా ఉందే” అని, ఇంకేమీ అనకుండా మళ్ళీ వరండాలోకి వెళ్ళిపోయాడు.

హెప్సిబా ఒళ్ళు భగ్గుమంది. ఎంత మాటో నోటిదాకా వచ్చింది. మింగేసి, బొమ్మ తీసుకుని వెనకగదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. మధ్యాహ్నం భోజనానికి స్టెల్లా పిలిస్తే, “మీరు కానివ్వండి” అంది లోపల్నుంచే.

కొత్త కాగితం మీద మొదలుపెడదామనే ముందు అనుకుంది. ఆదివారం లోపల అవదు. అవకూడదనే ఈయన రుద్దాడని తట్టేసరికి చేతిలో పెన్సిలు పటుక్కున విరిగింది. ఇంకోటి చెక్కింది. పాడైన చోట ముందు మెల్లిగా ఆనించి చూసింది. నూగు లేచిన కాగితం పెన్సిల్ని గుటుక్కున తాగింది. మిగతా నుదురంతా లేతగా ఉంటే, అక్కడ మాత్రం ముదురు మచ్చ లేచి, అంచులు నాలుగువైపులా పాకాయి.

హెప్సిబా చెయ్యి ఆపేసింది. ఫొటో తీసి కిటికీ వెలుగులో పెట్టుకుంది. ముందు తను పెట్టింది కందిగింజలా గుండ్రంగా, నిన్న పెట్టినట్టుండే చుక్క. సూరమ్మది అలా ఉండేది కాదు. చిన్ననాడు పొడిచిన పసరు చర్మంతోపాటు సాగి, చెదిరి, తడిగుడ్డ మీద సిరా పడ్డట్టుండేది. చేతులారా ఆ నుదురు కడిగి కూడా అది తను గియ్యలేకపోయింది. ఇప్పుడొచ్చింది. మొగుడి రబ్బరు పుణ్యమా అని వచ్చిందన్న సంగతికి ఆవిడ ఒళ్ళు ఇంకా మండింది. ఆ మంటమీదే పెన్సిలు మళ్ళీ ఆనించి, ఎడమ కనుబొమ్మ కింద నీడ పెంచింది. తెగిన చెవితమ్మె ఇంకాస్త తెంపింది. తిట్టబోతున్న పెదవి మూల ఒక గీత నొక్కి గీసింది.

సాయంత్రం టీల వేళకి అందరూ వరండాలో ఉన్నారు. హెప్సిబా బొమ్మ తెచ్చి మావగారి కుర్చీకి ఎదురుగా, గోడకి ఆనించింది.

కృపానందం మాస్టారు తలెత్తి చూశాడు. చుట్ట ఉన్న చెయ్యి చటుక్కున కుర్చీ వెనక్కి పోయింది.

స్టెల్లా తండ్రి చేతిని చూసింది, బొమ్మని చూసింది. టీ గ్లాసు కింద పెట్టి కొంగుతో ముక్కు తుడుచుకుంది. తండ్రి కుర్చీ వెనకనుంచి లేస్తున్న పొగ వంక చూశాడు సాల్మన్.

“రేపు నేనే తీసుకెళ్ళి అద్దం కట్టిస్తాను,” అంది హెప్సిబా. గొంతు పెంచలేదు. “అద్దం వేశాక ఎవరి చెయ్యీ పడదు. ఆదివారం హాల్లో ఉండేది ఈ బొమ్మే. ఆడవాళ్ళందరికీ నేను కబురు చేస్తాను. చూడటానికి ఇబ్బందైనవాళ్ళు ఆ పూట ఇంట్లో ఉండిపోవచ్చు.”

అని ఖాళీ అయిన గ్లాసులు ఒక్కొక్కటీ పళ్ళెంలో సర్దుకుంది.