చేతికి తెలిసే మాట

"తిప్పు," అన్నాడు మహబూబ్.

బీరమ్మ చీపురు గోడకు ఆనించి, కొంగుతో చేతులు తుడుచుకుని, ఆయన ముందున్న ఇనుప చక్రం పట్టుకుంది. తుక్కు కుప్పలోంచి ఏరుకొచ్చి చెక్కకు బిగించుకున్న పాత వాల్వ్ చక్రం అది. పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో ఏ హెచ్చరిక బోర్డు రాయాలన్నా మహబూబ్ ముందు చేసే పని ఇదే. రాయబోయే వాక్యాన్ని చదువురాని మనిషి ఎవరికైనా వినిపించి, ఆ మనిషి చేతులు ఏం చేస్తాయో చూస్తాడు. ఈ ఫ్యాక్టరీలో ఆ మనిషి బీరమ్మ. ఊడ్చే పని మధ్యలో ఈ ఆట ఆమెకు సరదాగానే ఉంటుంది.

"అతి ప్రమాదకరమైన ఆవిరి వాల్వ్. జాగ్రత్త," అని చదివాడు.

బీరమ్మ చక్రం వదిలేసి రెండడుగులు వెనక్కి వేసింది.

"గంత డేంజర్ అయితే నేనెందుకు ముట్టుకుంట భాయ్?"

"ముట్టక తప్పదు. అదే నీ డ్యూటీ అనుకో."

ఆమె కళ్లు గట్టిగా మూసుకుని, చక్రాన్ని ఒక్క గుంజు గుంజి, చెయ్యి వెనక్కి లాక్కుంది. "ఒక్కసారే తిప్పేసి ఉరుకుత," అని నవ్వింది. మహబూబ్ నవ్వలేదు.

అరవై రెండేళ్ల మనిషి. బక్కపలచగా, కొంచెం వంగి ఉంటాడు. కుడిచేతి గోళ్ల చుట్టూ ఎప్పటివో రంగులు, ఎన్నిసార్లు తోమినా పోనివి. రోజూ ముత్తంగి నుంచి కంటైనర్ లారీల పక్కన పాత స్కూటర్ మీద వస్తాడు. ఫ్లెక్సీలొచ్చాక ఆయన కుంచెకు పని సగానికి సగం పోయింది. అయితే ఆవిరి గొట్టాల దగ్గర ఫ్లెక్సీ వేడికి అప్పడంలా ముడుచుకుపోతుంది గనక, ఫ్లెక్సీలు అచ్చేసే అంత గొప్ప యంత్రమూ అక్కడ చేతులెత్తేస్తుంది గనక, ఇంకా ఆయన్ని పిలుస్తున్నారు. ముప్పై ఎనిమిదేళ్లలో ఎన్ని బోర్డులు రాశాడో ఆయనకే తెలియదు. ఒక్కదాని కింద కూడా తన పేరు రాసుకోలేదు.

ఈ రోజుది చిన్న ఎర్ర పలక. నాలుగు గంటలకు కొత్త ఆవిరి లైను మొదటిసారి తెరుస్తారు. తిప్పేది ఇక్కడి ఆపరేటర్ యాదన్న. ఆలోగా బోర్డు వాల్వ్ పక్కన ఉండాలి.

పదకొండేళ్ల కిందట ఇంకో ఫ్యాక్టరీలో మహబూబ్ సరిగ్గా ఈ 'అతి ప్రమాదకరమైన' మాటలే రాశాడు. పైవాళ్లు కాగితం మీద ఏది ఇస్తే అది, ముత్యాల్లాంటి అక్షరాలతో. ఎల్లయ్య అనే ఆపరేటర్ అది చదివి బెదిరి, ఎంత త్వరగా ముగిస్తే అంత మేలనుకుని చక్రాన్ని ఒక్క ఊపున తిప్పేశాడు. గొట్టంలో నిలిచి ఉన్న నీళ్లను ఆవిరి ఎత్తి కొట్టింది, అతుకు పగిలింది. ఎల్లయ్య రెండు చేతులూ మోచేతుల దాకా ఉడికిపోయాయి. ఇప్పటికీ పిడికిలి ముడుచుకోదు. మహబూబ్ ప్రతి శుక్రవారం నమాజు కాగానే ఎల్లయ్య ఇంటికి వెళ్లి కాసేపు కూర్చుంటాడు. "నీ అక్షరాలు మంచిగుండె భాయ్," అన్నాడు ఎల్లయ్య ఒకసారి, ఏ కోపమూ లేకుండా. ఆ మాటకు మహబూబ్ ఆ రాత్రి అన్నం ముట్టలేదు. ఆ తర్వాతే ఈ చక్రం తెచ్చుకున్నాడు.

"ఇంకా రాయలేదా చాచా?" భద్రత చూసే ప్రవీణ్ వచ్చాడు. చదువుకున్న కుర్రాడు, మంచివాడే, కాకపోతే కాళ్లకు చక్రాలు కట్టుకుని తిరుగుతాడు.

"మీరు తెచ్చిన కాగితంల వాల్వ్ ఎసొంటిదో రాసిండ్రు సార్. ఎట్ల తిప్పాలెనో రాయలే."

"రెండూ రాసెయ్."

"జాగా లేదు. అక్షరం చిన్నగ రాస్తే ఆవిరిల కనపడది. ఒక్కటే పడ్తది."

"ప్రమాదకరం అన్న మాట లేకపోతే పైనోళ్లు నన్నడుగుతరు."

"గా మాటకు మనిషి భయపడ్తడు సార్. భయపడ్డ చెయ్యి జల్దీ చేస్తది."

ప్రవీణ్ గడియారం చూసుకున్నాడు. మహబూబ్ బీరమ్మకు మళ్లీ చక్రం చూపించి, "జాగ్రత్తగా తిప్పాలి," అన్నాడు. ఆమె అటూ ఇటూ చూసింది, కొంగు నడుముకు దోపుకుంది, ఆ తర్వాత మామూలుగానే గిర్రున తిప్పేసింది. "మెల్లగా తిప్పాలి," అన్నాడు. ఈసారి మెల్లగానే తిప్పింది గానీ ఎక్కడా నిలపకుండా చివరిదాకా పోయింది.

"ఇంకేంది, కుదిరింది కదా," అన్నాడు ప్రవీణ్.

"లేదు సార్. గొట్టంల నీళ్లు దిగేటందుకు టైమియ్యాలె."

మహబూబ్ కళ్లు మూసుకున్నాడు. పొద్దున ఈ ఇనుప మెట్లు ఎక్కి రావడం గుర్తొచ్చింది. నెల రోజులుగా ఛాతీ పట్టేసినట్టుంటోంది. భార్య జైతూన్ బీకి చెబితే కంగారు పడుతుందని చెప్పలేదు. రెండు మెట్లు ఎక్కడం, నిలబడి ఊపిరి తీసుకోవడం, మళ్లీ రెండు మెట్లు. అలా వచ్చాడు పైకి. ఆయన కళ్లు తెరిచాడు.

"బీరమ్మా, ఆగి ఆగి తిప్పాలి."

ఆమె చెయ్యి కొద్దిగా తిరిగి ఆగింది. ఏదో వింటున్నట్టు తల ఎత్తింది. మళ్లీ కొద్దిగా తిప్పింది, ఆగింది. ఎవరూ ఏమీ నేర్పలేదు. ప్రవీణ్ ఆమెను జరగమని, తనే చక్రం పట్టుకున్నాడు. "ఇంకోసారి చెప్పు చాచా," అన్నాడు. మహబూబ్ చెప్పాడు. ప్రవీణ్ చెయ్యి దానంతటదే ఆగింది. ఎన్నో లావుపాటి పుస్తకాలు చదివి పరీక్షలు రాసినవాడు, ఒక మాట తన మణికట్టును ఇలా పట్టుకుని ఆపడం ఎన్నడూ ఎరగడు. తాను తెచ్చిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"రాయి చాచా. పైనోళ్లకు నేను చెప్పుకుంట."

మహబూబ్ రెండు గంటలు రాశాడు. తెల్లరంగు, నాలుగు మాటలు: 'వాల్వ్ ఆగి ఆగి తిప్పాలి'. ఒక్కో అక్షరం ఎత్తుకునే ముందు ఊపిరి బిగబట్టి, గీత పూర్తయ్యాక వదిలేవాడు. అక్షరాల మీది గుడులు గుండ్రంగా, నిండుగా వచ్చాయి. పలక బిగించడం అయ్యాక, "జెర కూసుంట," అని బీరమ్మతో చెప్పి ఎదురు గోడకు ఆనుకుని కాళ్లు చాపుకున్నాడు. ఆమె చాయ్ తేవడానికి వెళ్లింది.

నాలుగింటికి యాదన్న వచ్చాడు. మూడో తరగతి దాటని చదువు. బోర్డు ముందు నిలబడి పెదాలు కదుపుతూ కూడబలుక్కున్నాడు. చక్రం మీద చెయ్యి వేశాడు. కొద్దిగా తిప్పి ఆగాడు. గొట్టం లోపల ఎక్కడో టిక్కు టిక్కుమంది, అడుగు కొళాయిలోంచి నీళ్లు జారాయి. మళ్లీ కొద్దిగా తిప్పి ఆగాడు. ప్రవీణ్ గొట్టం అతుకుల వైపే చూస్తున్నాడు. ఏ దెబ్బా లేదు, ఏ అదురూ లేదు. అంత ఆవిరీ నిద్రపోయే బిడ్డను దాటి వెళ్లినట్టు ఆ గొట్టంలోంచి వెళ్లిపోయింది.

"చాచా, సూసినవా?" అంటూ ప్రవీణ్ ఆనందంగా వెనక్కి తిరిగాడు.

బీరమ్మ గోడ దగ్గర నిలబడి ఉంది. చేతిలోని కప్పులో చాయ్ మీద మీగడ కట్టింది.

"నిద్రపట్టిందేమో అని లేపలే సార్. ఇప్పుడు లేపితే లేస్తలేడు," అంది.

మహబూబ్ తల బోర్డు వైపే తిరిగి ఉంది. యాదన్న తిప్పడం చూశాడో లేదో ఎవరూ చెప్పలేకపోయారు. కొడుకు జావీద్ ముత్తంగి నుంచి వచ్చి, తండ్రిని చేతుల మీద ఎత్తుకుని ఇనుప మెట్లు దిగాడు. బరువే లేడని ఏడ్చాడు.

మర్నాడు ఉదయం యాదన్న డ్యూటీకొచ్చాడు. అక్షరాలు వంకర పోకుండా రాసేముందు సుద్దతో గీతలు గీస్తారు, రంగు ఆరాక పొడిగుడ్డతో తుడిచేస్తారు. ఆ తుడవడం మిగిలిపోయింది. యాదన్న గుడ్డ తీసుకుని చెయ్యెత్తాడు. కాసేపు అలాగే నిలబడి, గుడ్డను మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ నాలుగు మాటల పైన ఒకటి, కింద ఒకటి, సన్నటి రెండు సుద్దగీతలు ఎర్ర పలక మీద తిన్నగా ఉన్నాయి.