బొడ్డు కోసిన చెయ్యి

రెండేళ్ళు రాజమండ్రి మిషన్ ఆసుపత్రిలో పురుళ్ళ చదువు చదివి, పరీక్ష కూడా గట్టెక్కిన వీరవేణికి ఊరూరా తిరగడమే ఉద్యోగమైపోయింది. పట్టా మద్రాసు నుంచి రావాలి. ఎప్పుడొస్తుందో ఆసుపత్రి దొరసాని డాక్టరుకే తెలియదు. "పట్టా చేతికొచ్చేదాకా ఒంటరిగా పురుడు పొయ్యకూడదు, బొడ్డు కొయ్యకూడదు. తెలిసిందంటే జాబితాలోంచి పేరు కొట్టేస్తారు" అని మాత్రం గట్టిగా చెప్పి పంపింది. పట్టా లేనిదే పని లేదు, పని లేనిదే తిండి లేదు. ఇదేం న్యాయమో ఆ మద్రాసువాళ్ళనే అడగాలి!

పెద్దాపురంలో పట్టా చూపించమన్నారు. పాలకొల్లులో, "చేపలమ్ముకునేవాళ్ళ పిల్లవి, మా పురిటిగదిలోకి ఎలా వస్తావే?" అన్నారు. మొగుడు గోదాట్లో పోయాక చేపల గంప మొయ్యలేక చదువుకొచ్చిన పిల్ల. మళ్ళీ ఆ గంపే దిక్కా అనుకుంటూ కాలవ పడవలో కూర్చుని కళ్ళు తుడుచుకుంది. కాళ్ళు పీకేస్తున్నాయి. ఇంకొకరిని అడిగే ఓపిక కూడా లేదు.

భీమవరం దగ్గర ఒక ఊరి పెద్ద విశ్వనాథరాజుగారు మాత్రం కసురుకోలేదు. ఊళ్ళో ఆడవాళ్ళకి చిన్న ఆసుపత్రి పెట్టాలని ఆయన ముచ్చట. "పట్టా సంగతి తర్వాత చూద్దాంలే. మా కోడలికి నెలలు నిండాయి. ఆ పురుడు నీ చేత్తో గట్టెక్కించు, ఆసుపత్రి పని నీదే" అన్నారు. ఆ మాటకే వీరవేణికి కడుపు నిండిపోయింది.

కోడలు బుల్లెమ్మ ఘోషాలో ఉండే మనిషి. మగ డాక్టరు ఆ గుమ్మం తొక్కడానికి లేదు. నొప్పులొచ్చేసరికి ఊరి మంత్రసాని పాపాయి గదిలో తిష్ఠ వేసి ఉంది. "ఏంటే పిల్లా, పురిటినొప్పులు ఎరగనిదానివి, నువ్వు పురుడు పోస్తావా?" అని నవ్వింది. బిడ్డ ఎదురుకాళ్ళతో వస్తోందని తెలియగానే ఆ నవ్వు ఆగిపోయి, ముసలిది వెనక్కి జరిగింది. వీరవేణి చేతులు సబ్బుతో కడుక్కుంది. బుల్లెమ్మకి ధైర్యం చెబుతూ, తొందరపడకుండా ముందు కాళ్ళు, తర్వాత భుజాలు, చివరికి తల బయటికి తీసింది. కమిలిపోయిన పసివాడి వీపు రుద్ది రుద్ది ఏడిపించింది. మగపిల్లాడు.

మరిగిన నీళ్ళలోంచి కత్తెర తీసేసరికి దొరసాని మాట గుర్తొచ్చింది. పాపాయి పక్కనుంది కనక ఒంటరిగా చేసినట్టు కాదు. బొడ్డు కూడా తను కొయ్యకపోతే పట్టాకి ఏ ఢోకా ఉండదు. పాపం, అంతే ఆలోచించింది. "నువ్వు కొయ్యి, పాపాయత్తా" అని కత్తెర చేతికిచ్చింది.

తలుపవతల నుంచి ఇంటి పెద్దావిడ, రాజుగారి అక్క రత్నమాణిక్యం అడిగింది. "బొడ్డెవరు కోశారే?"

"నేనేనండి" అంది పాపాయి.

ఆ రాజుల ఇళ్ళల్లో అడిగేది ఆ ఒక్క మాటే. బొడ్డు కోసినవాళ్ళదే పురుడు. మిగిలినవాళ్ళంతా నీళ్ళందించినవాళ్ళ కిందే లెక్క. వీరవేణి వాళ్ళ పేటలో బొడ్డు ఇంట్లో ముసలమ్మలే కోసేస్తారు, అదొక గొప్పని ఎవరూ అనుకోరు. ఈ ఇంటి సంగతి ఆ పిల్లకేం తెలుసు?

సాయంత్రానికి కబురు రానే వచ్చింది. "ఇంత కష్టం పాపాయే దాటించాక ఊళ్ళో ఆసుపత్రి ఎందుకు?" అన్నారట రాజుగారు. వీరవేణి వెళ్ళి బుల్లెమ్మ మంచం పక్కన కూలబడింది.

"మీకు తెలుసు కదమ్మా. రాజుగారితో ఒక్క మాట చెప్పండి."

బుల్లెమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "నువ్వు లేకపోతే నేను లేను, వీరవేణీ. పెద్దావిడతో చెప్పాను. బొడ్డు కోసింది పాపాయే కదా అన్నారు. మావగారి ఎదట నేనింతవరకూ నోరెత్తి ఎరగను. పురిటి మాటలు ఆయనతో ఎలా చెప్పనే?"

పురుడు వెళ్ళిననాడు రాజుగారు పాపాయిని వాకిట్లోకి పిలిపించి కొత్త చీర పెట్టించారు. ముసలిది మనసున్న మనిషే. చీర అందుకుని, వెనకాల నిలబడ్డ వీరవేణిని ముందుకి లాగింది.

"అయ్యగారండీ, ఈ పిల్ల చెయ్యి మంచిదండి. ఆ రోజు కష్టమంతా దీనిదేనండి."

రాజుగారు వీరవేణి వంక చూశారు. ఎంతో దయగా చూశారు.

"అలాగా! అయితే నీ దగ్గరే ఉంచుకుని పురుడు పొయ్యడం నేర్పించు, పాపాయీ. చదువుకున్న పిల్ల కదా, తొందరగా నేర్చుకుంటుంది."

"చిత్తమండి" అంది వీరవేణి. అంతకంటే మాట్లాడే ఓపిక ఆమెకి లేదు.