పధ్నాలుగు చుట్లు

శనివారం పొద్దున ఆరున్నరకి, గుడారం కింద నాలుగొందల మంది ముందు, తిరో మైకు పట్టుకుని చనిపోయిన తన గురువుని పొగుడుతున్నాడు. పొగడ్తలో ఒక్క అబద్ధం లేదు. తేడా అంతా పొగిడే మనిషిలోనే ఉంది.

"నా మొదటిరోజున ర్రా మొరాకిలె నన్ను గేటు దగ్గరికి తీసుకెళ్లాడు. 'చూడు తిరో, ఊరి మురుగంతా ఈ గేటులోంచే మన ప్లాంటులోకి వస్తుంది. ఇది ఎప్పుడూ బార్లా తెరిచుండాలి. శుభ్రం చెయ్యడం మన చేతగాకపోతే చేతకాలేదని కాగితం మీద రాద్దాం, తిట్లు తిందాం. అంతేగానీ గేటు మూసి, ఆ మురుగుని జనం కాళ్ల కిందికి తొయ్యకూడదు' అన్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్లు ఆ మాట మీదే ఉన్నాడు. ఆయన రిటైరయ్యాక తాళాలు నా చేతికొచ్చాయి. ఆ మాట కూడా తాళాలతోపాటే వచ్చింది."

"నిజం, నిజం," అన్నారు జనం. ముందు వరసలో నల్లదుప్పటి కప్పుకుని కూర్చున్న మొరాకిలె భార్య తలెత్తి తిరో వంక చూసింది. మూడు వరసల వెనక, మాహికెంగ్ పట్నం నుంచి ప్లాంటు తనిఖీకి వచ్చిన మ్మా ఒలెబిలె కళ్లు తుడుచుకుంది. మొరాకిలె ముసలాయన ఆవిడకీ తెలుసు. అందుకే అంత్యక్రియలకి కూడా వచ్చింది. ర్రా, మ్మా అనేవి అక్కడ అయ్యా, అమ్మా లాంటి గౌరవపు పిలుపులు.

ఆ సమయానికి కిలోమీటరు దూరంలో ఆ గేటు, చక్రం పధ్నాలుగు చుట్లు తిప్పి, మూసి ఉంది. మూసింది తిరోనే.

నిన్న పొద్దున పదింటికి ఒలెబిలె ప్లాంటు చివర, శుద్ధయిన నీళ్లు వాగులోకి పడేచోట, ఒక మిషను పెట్టింది. అది గంటకోసారి ఒక సీసాడు నీళ్లు తనంతట తనే తోడుకుంటుంది. మొత్తం ఇరవై నాలుగు సీసాలు. ఇవాళ పదింటికి ఆఖరిది. ఇరవై నాలుగూ బాగుంటేనే ప్లాంటు పాసయినట్టు. ఆవిడ బండెక్కి ప్లాంటు ఆవరణ దాటీ దాటకముందే తిరో లోపలికెళ్లి మురుగు గేటు చక్రం పట్టుకున్నాడు.

ప్లాంటులో మురుగులోకి గాలి కొట్టే మోటార్లు రెండు. ఒకటి కాలిపోయి మూడేళ్లయింది. మిగిలినదానితో ఊరి మురుగు మొత్తం శుభ్రం కాదు. గేటు పూర్తిగా తెరిస్తే చివర్న వచ్చే నీళ్లు టీ రంగులో ఉంటాయి. పధ్నాలుగు చుట్లు మూసి కొంచెమే లోపలికి వదిలితే తేటగా వస్తాయి. లోపలికి రానిది ఎక్కడికి పోతుందని అడిగేవాళ్లు లేరు. మిషను ఉండేది చివర్న కదా, మొదట్లో కాదు.

తిరో ఇలా చెయ్యడం ఇది నాలుగోసారి. ఉద్యోగం పోతుందని భయపడి మొదలుపెట్టలేదు. తాళాలు చేతికొచ్చిన ఏడాదే ప్లాంటు తప్పిందంటే ముసలాయనకి మొహం ఎలా చూపించనని మొదలుపెట్టాడు. పాసయ్యాక ముసలాయన భుజం తట్టాడు. ఆ తట్టిన చోట తిరోకి చాలాకాలం బరువుగా ఉండేది. ఆ తర్వాత మానడం కుదరలేదు. నిన్న ఒలెబిలె ఏమందో కూడా వినండి. "కొత్త మోటారు కావాలని మీ ఊరి పేరు రాశాను ర్రా. కానీ మీ లెక్కలు బాగున్నాయిగా, తప్పినవాళ్లకి ముందు ఇస్తారట." బాగున్నాయనే కదా ఇన్నాళ్లూ మోటారు రానిది! తిరో నవ్వాడు. నవ్వక ఏం చేస్తాడు.

ఆగిపోయిన మురుగు ఇదివరకు ఊరవతల గడ్డిబీట్లో, తొమ్మిదో నంబరు మ్యాన్‌హోల్లోంచి పొంగి రెల్లుదుబ్బుల్లోకి పోయేది. అక్కడ ఇళ్లు లేవు, చూసేవాళ్లు లేరు. పోయినసారి ఒలెబిలె అటు నడిచి, మూత చుట్టూ ఎండిన మరకలు చూసి ఫొటో తీసింది. దాంతో తిరో పోయిన నెల మనుషుల్ని పెట్టి ఆ మూతమీద సిమెంటు పోయించాడు. మరక కనపడకూడదనే ఆలోచన వచ్చింది గానీ, ఆ దారి మూస్తే నీళ్లు వెనక్కి తన్ని ఊళ్లో ఉన్న మ్యాన్‌హోల్లో లేస్తాయన్న ఆలోచన రాలేదు. ఇరవై ఏళ్లు పైపులతో బతికిన మనిషి! శనివారం జనం ఆలస్యంగా లేస్తారు, నీళ్లు తక్కువ వాడతారు, పదింటిదాకా ఎలాగో గడిచిపోతుందనుకున్నాడు. శనివారం పొద్దున్నే అంత్యక్రియలున్నాయనీ, ఊరు ఊరంతా నాలుగింటికే లేచి స్నానాలు చేస్తుందనీ, అందులో మాట్లాడబోయేది తనేననీ ఆ లెక్కలో వేసుకోలేదు.

శ్మశానంలో మగవాళ్లు వంతులవారీగా పారలు అందుకుని గోతిని పూడ్చారు. తిరో అందరికన్నా ఎక్కువ మట్టి వేశాడు. తొమ్మిదింపావుకి ఇంటికి తిరిగొచ్చారు.

ముసలాయన ఇల్లు వీధికి చివరిది, పల్లంలో ఉంటుంది. గేటు బయట రెండు పెద్ద బేసిన్లలో నీళ్లుపోసి, కలబంద ముక్కలు వేసి పెట్టారు. శ్మశానం నుంచి వచ్చినవాళ్లు అక్కడ చేతులు కడుక్కోకుండా లోపలికి అడుగుపెట్టరు. ఇవాళ ఆ బేసిన్ల దాకా కూడా వెళ్లలేకపోయారు.

వీధిలోని మ్యాన్‌హోల్ మూత ఒక పక్కకి లేచి ఉంది. దాని కిందనుంచి నల్లటి నీళ్లు బుడబుడా వస్తున్నాయి. ఒక పాయ ఇంటి గేటులోంచి లోపలికి దూరి, మాంసం కుండల పొయ్యిల దాకా పోయింది. ఆడవాళ్లు కుండల చుట్టూ ఇసుక పోస్తున్నారు. తళతళలాడే బూట్లు వేసుకొచ్చిన పెద్దమనుషులు పంట్లాములు పైకి పట్టుకుని, ఒకరి చెయ్యి ఒకరు ఆసరాగా పట్టుకుని, ఎక్కడ అడుగు వెయ్యాలో తెలియక నిలబడ్డారు. కారులోంచి దిగిన ముసలాయన భార్య దుప్పటి అంచు ఆ నీళ్లలో తడిసింది. ఆవిడ చూసి, అంచుని గుప్పిట్లోకి తీసుకుంది.

అరిచింది ముసలాయన అక్క. ఎనభై దాటినా ఆవిడ గొంతు ఊరి చివరికి వినపడుతుంది.

"నా తమ్ముడు జన్మంతా ఈ కంపు జనం ముక్కులకి సోకకుండా చూశాడే! ఇవాళ వాడి గుమ్మంలోకే వచ్చిందా! ఎవరే పొద్దున బోటి కడిగింది? ఆ కడుగునీళ్లు ఎక్కడ పోశారే?"

పొయ్యి దగ్గర నిలబడ్డ మ్మా సెఫొరా చేతిలో గరిట కిందికి దించింది. పక్కింటామె. మూడు రోజులుగా నిద్రలేకుండా ఈ ఇంటి వంట ఆమె మీదే నడుస్తోంది.

"నేనే కడిగాను అవ్వా. పెరట్లో తూములో పోశాను. కొంచెమే..."

"కొంచెమా! ఎద్దు పొట్ట మొత్తం కడిగి, కొవ్వూ పేడా తూములో పోసి కొంచెమంటావా? తిండి చెయ్యమని పిలిస్తే చచ్చినవాడి పరువు తీశావు కదే! నీ ఇంట్లో చావొచ్చినప్పుడు ఇలాగే చేస్తావా?"

"అందుకే పైపుకి అడ్డం పడుంటుంది," అన్నాడొకడు. "ఎన్నిసార్లు చెప్పినా ఈ ఆడాళ్లు వినరు," అన్నాడు ఇంకొకడు, తను అప్పటిదాకా ఎవరికీ ఏమీ చెప్పకపోయినా సరే. సెఫొరా ఏప్రాన్ మొహానికి అడ్డం పెట్టుకుంది. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని, గేటులోంచి వస్తున్న ఆ నీళ్లని ఒక డబ్బారేకుతో వెనక్కి తోడడం మొదలుపెట్టింది. చేతులకి తొడుగులు కూడా లేకుండా.

తిరో ఆమెకి నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. నోరు తెరిచాడు. పక్కనే ఒలెబిలె నోటు పుస్తకం తీసి ఏదో రాసుకుంటోంది. నోరు మూసుకున్నాడు.

"ర్రా తిరో ఉన్నాడుగా, ఇంకేం భయం," అన్నారెవరో. "వెళ్లు నాయనా, నువ్వే ఏదోటి చెయ్యి."

"మీరెళ్లండి ర్రా," అంది ఒలెబిలె. "నేను ఇక్కడ ఫొటోలు తీసుకుని, పదిన్నరకి సీసాల కోసం వస్తాను."

ప్లాంటుకి వచ్చేసరికి తొమ్మిదిన్నర. తిరో నేరుగా గేటు దగ్గరికెళ్లి చక్రం మీద రెండు చేతులూ వేశాడు. గేటు అవతల కాలవ నిండా నల్లగా నిలిచి ఉంది. ఇప్పుడు తెరిస్తే ఆ వెల్లువంతా ఒక్కసారి లోపలికి దూకుతుంది, అడుగున పేరుకున్న బురద లేచి చివరిదాకా కొట్టుకొస్తుంది. ఆఖరి సీసా నల్లబడుతుంది. ఇంకా అరగంట.

అతను ఆగాడు.

ఈ కథలో ఇంతకన్నా నీచమైన చోటు లేదు, అందుకే దాటెయ్యకుండా చెబుతున్నాను. అంత్యక్రియల సూటులో, మెడలో టైతో, చేతులకి గురువు గోతి మట్టి ఇంకా ఉండగా, ఆ మనిషి చక్రం పట్టుకుని ముప్ఫై నిమిషాలు నిలబడ్డాడు. దూరంగా గుడారంలో పాట వినపడుతోంది. అతనికి మాత్రం డబ్బారేకుతో నీళ్లు తోడుతున్న చప్పుడే వినపడింది, అంతదూరం అది వినపడదని తెలిసినా. రెండుసార్లు చక్రం కొంచెం తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పాడు. పదింటికి చివర్నున్న మిషను గుర్రుమని నీళ్లు పీల్చుకుని ఆగింది. అప్పుడు పధ్నాలుగు చుట్లూ తిప్పాడు.

తిరిగి వచ్చేసరికి వీధిలో నీళ్లు తగ్గాయి. మూత మీద సున్నం చల్లారు.

"చూశారా, మనవాడు వెళ్లాడో లేదో, తగ్గిపోయింది!" అన్నాడు ఇందాక ఆడాళ్లని తిట్టినవాడు. "మొరాకిలె పోయినా మనకి ఇంకో మొరాకిలె ఉన్నాడు." ముసలాయన అక్క తిరో చెంపలు నిమిరింది. "నా తమ్ముడి హస్తవాసి నీకొచ్చిందిరా."

బేసిన్లు కడిగి కొత్త నీళ్లు పెట్టారు. సెఫొరా చెంబు పట్టుకుని నిలబడి ఉంది. ఇంత జరిగాక ఆమె చేతులమీదుగా తిండి ఎవరూ తినరని, ఆమెని గేటు దగ్గరికి పంపేశారు. కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి.

"చేతులు పట్టు అన్నా," అంది. "నా వల్ల నీకు కూడా శ్రమ. సూటు పాడయిందేమో. ఉతికి పెడతాను, సాయంత్రం ఇచ్చెళ్లు."

తిరో చేతులు చాపలేకపోయాడు. "ఒక్క నిమిషం," అని ఆమెని దాటుకుని, చేతులు కడుక్కోకుండానే లోపలికి వెళ్లిపోయాడు. సెఫొరా కంగారుపడి, చెంబుతో సహా వెనకాలే వచ్చింది.

గదిలో ముసలాయన భార్య నేలమీది పరుపు మీద కూర్చుని ఉంది. తిరో ఆవిడ ముందు నేలమీద కూలబడ్డాడు.

"మ్మా, సెఫొరా తప్పు కాదు. గేటు నేను మూశాను. పాసవ్వాలని. ఇది నాలుగోసారి."

అని తలదించుకున్నాడు. తిడుతుందనుకున్నాడు. ఆవిడ దుప్పటి తడి అంచుని పిండింది.

"నాలుగోసారని నాకు తెలుసు," అంది. "ముందు మూడూ ఆయనకీ తెలుసు. మేకల్ని తోలుకుని ఆ బీటికే పోయేవాడు కదా. మొదటిసారి ఆ మూత పొంగడం చూసి ఇంటికొచ్చి సున్నం బస్తా మోసుకెళ్లాడు. ఆ మూడుసార్లూ ఆయనే చల్లాడు, పిల్లలు తొక్కుతారని."

తిరో తన చేతుల మట్టి వైపు చూసుకున్నాడు.

"నిన్ను పిలిచి అడగమన్నాను. వద్దన్నాడు. 'వాడే వచ్చి చెబుతాడు, వాడు మంచివాడు' అన్నాడు. తనిఖీ అయిన మర్నాడల్లా మన ఇంటి గేటు దగ్గర రెండు కుర్చీలు వేసుకుని కూర్చునేవాడు. నువ్వు ఆ దారినే పోయేవాడివి. చెయ్యి ఊపి వెళ్లిపోయేవాడివి. చీకటిపడ్డాక రెండో కుర్చీ కూడా ఆయనే లోపల పెట్టుకునేవాడు."

అవును, ఊపేవాడు. ఆ రెండో కుర్చీ తిరోకి గుర్తుంది. ఎవరో చుట్టాలొస్తారేమో అనుకునేవాడు. ఇప్పుడు మోకాళ్ల మధ్య తల పెట్టుకుని, ఆపుకోవాలని చూసి ఆపుకోలేక, ఏడ్చాడు. ముసలాయన బతికుండగా చెప్పడానికి మూడుసార్లు సందు దొరికింది. పూడ్చిపెట్టి వచ్చాక చెబుతున్నాడు. అదీ ఇంకో మనిషిని బురదలో మోకాళ్ల మీద కూర్చోబెట్టాక.

"చాల్లే అన్నా," అంది గుమ్మంలోంచి సెఫొరా.

తిరో తలెత్తాడు. ఆమె కళ్లలో ఇందాకటి తడి లేదు.

"పెద్దమ్మకి చెప్పావు, బాగుంది. ఈ గదిలో ఉన్నది ముగ్గురం. నన్ను తిట్టింది నాలుగొందల మంది ముందు. మూడు రోజుల్నుంచి గాడిదలా చేశాను, నా చేతి కూడు ఒక్కడూ ముట్టలేదు. పొద్దున మైకులో బ్రహ్మాండంగా మాట్లాడావుగా. ఆ మైకు ఇంకా అక్కడే ఉంది."

"ఒలెబిలె అక్కడే ఉంది," అన్నాడు తిరో. అనగానే తనకే అసహ్యం వేసింది.

"ఉంటే?" అంది సెఫొరా.

గుడారంలో జనం పళ్లేలు ఒళ్లో పెట్టుకుని వేరేవాళ్ల పొయ్యి మీది మొక్కజొన్న గటకా, దంచిన మాంసమూ తింటున్నారు. ఒలెబిలె సీసాల కోసం బయల్దేరబోతూ బండి తాళాలు చేతిలో ఆడిస్తోంది. తిరో నడుచుకుంటూ వెళ్లి మైకు తీశాడు. అది కీచుమంది. అందరూ తలెత్తి నవ్వుమొహాలతో చూశారు, మళ్లీ ఏదో మంచిమాట చెబుతాడని.

"పొద్దున ఇక్కడ ర్రా మొరాకిలె మాట ఒకటి చెప్పాను," అన్నాడు. "అది చెబుతున్నప్పుడు గేటు మూసే ఉంది. నేనే మూశాను. ఇవాళ మీరు తొక్కింది నేను తొక్కించింది. సెఫొరా పోసిన నీళ్లకి దానితో సంబంధం లేదు. మ్మా ఒలెబిలె, ఆ సీసాలు పారబొయ్యండి. ఇంతకు ముందువి కూడా అబద్ధమే."

నవ్వుమొహాలు ఒక్కొక్కటే మారిపోయాయి. చెంచాలు ఆగాయి. ముసలాయన అక్క తిరో చెంపలు నిమిరిన చెయ్యిని కప్పుకున్న శాలువకి తుడుచుకుంది. ఒలెబిలె తాళాలు సంచిలో వేసి, నోటు పుస్తకం తీసింది. "గేటు మళ్లీ ముట్టుకోకండి," అంది. "సోమవారం మొదట్నుంచీ మొదలుపెడదాం. తప్పుతుంది. తప్పనివ్వండి."

ఎవరైనా తిడితే బాగుండునని తిరో చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. గుడారం వెనక వరసలో ఒకాయన లేచి, ఖాళీ పళ్లెం పట్టుకుని సెఫొరా పొయ్యి దగ్గరికి వెళ్లాడు. ఆ తర్వాత ఇంకో ఇద్దరు.

తిరో ఇంటి గేటు దగ్గరికి వచ్చాడు. చెంబు నేలమీద ఉంది. నీళ్లు పోసేవాళ్లు లేరు. గోడకి ఆనించి ముసలాయన కుర్చీలు రెండు మడిచి పెట్టి ఉన్నాయి. అతను ఒకటి తీసి వేశాడు గానీ కూర్చోలేదు. కోటు విప్పి దానిమీద పెట్టి, చేతులు కడుక్కోకుండానే మూత మీద చల్లగా మిగిలిన సున్నం బస్తా, పారా తీసుకుని మురుగు పారిన వీధిలోకి నడిచాడు.