బిగించిన అంకె

తుల్లియో తన టెలిస్కోపు వంతు వదులుకున్నాడంటే ఇటలీలోని బొలోన్యా ఖగోళ పరిశోధనశాలలో మొదట ఎవరూ నమ్మలేదు. ఆయన కనిపెట్టుకుని ఉన్న కృష్ణబిలం ఒకటుంది. తన చుట్టూ తిరిగే నక్షత్రాన్ని తొమ్మిదేళ్లకోసారి గీరుకుని, ఒక్క రోజు భగ్గుమని ఆరిపోతుంది. కిందటిసారి సూర్యుడి మీద తుఫాను రేగి అంతరిక్షంలో ఉన్న ఆ టెలిస్కోపును మూసేశారు. ఈసారి తప్పితే మళ్లీ తొమ్మిదేళ్లు, ఆయనకేమో సెప్టెంబరులో పదవీ విరమణ. అలాంటి మనిషి శనివారం నాటి టెలిస్కోపును తోటి పరిశోధకురాలు ఒర్నెల్లాకు ఇచ్చేశాడు.

"నా లెక్క శనివారమే అంటోంది. నా లెక్కలు ఎప్పుడు నిజమయ్యాయి గనక! నీ మబ్బు మాత్రం ఆగదు. తీసుకో పిల్లా."

ఒర్నెల్లాది వేరే గెలాక్సీ. దాని నడిబొడ్డున ఎక్స్ కిరణాలు చిమ్మే దీపం లాంటిది ఆదివారం ఉన్నట్టుండి మసకబారింది. వాయువు మబ్బు ఒకటి దానికి అడ్డం వచ్చిందని, శనివారానికల్లా తప్పుకుంటుందని ఆమె తేల్చింది. మబ్బు తొలగడం కళ్లారా పట్టుకుంటే, పన్నెండు రోజుల్లో జరిగే ఇంటర్వ్యూలో శాశ్వత ఉద్యోగం దాదాపు ఆమెదే. వయసు ముప్ఫై తొమ్మిది. చేస్తున్నది అయిదో తాత్కాలిక ఉద్యోగం, అదీ జూన్‌తో సరి. ఆ తర్వాత ఎవరూ పిలవరని ఆమెకు తెలుసు.

శుక్రవారం పదకొండు గంటలకు, ఇంటర్వ్యూ కోసం బొమ్మ గీద్దామని ఆ లెక్క ఫైలు తెరిచింది. అందులో ఒక అంకె ఇంకా బిగించే ఉంది.

లెక్క మొండికేసినప్పుడు ఒక అంకెను కదలకుండా బిగించి, మిగతావి కుదిరాక దాన్ని వదులు చేయడం వాళ్ల పనిలో మామూలే. ఆమె దీపం వెలుగును బిగించింది. విప్పడం మరిచిపోయింది. దీపం తగ్గడానికి వీల్లేదని తనే కట్టేశాక, మసకంతా మబ్బు నెత్తిన పడక ఏం చేస్తుంది? ఇదే తప్పు చేసిన విద్యార్థుల మీద ఎన్నిసార్లు ఇంతెత్తున లేచిందో!

విప్పి మళ్లీ నడిపింది. మబ్బు మాయమైంది. మబ్బయితే బలహీనమైన కిరణాలను మింగి, బలమైన వాటిని వదిలిపెట్టాలి. ఇక్కడ రెండూ ఒక్కలాగే పడిపోయాయి. దీపమే ఆరిపోతోంది. శనివారం చూడటానికి ఏమీ ఉండదు.

టెలిస్కోపుకు ఆదేశాలు వెళ్లేది మధ్యాహ్నం పన్నెండింటికి. ఒక్క ఫోన్ చేస్తే తుల్లియో వంతు తుల్లియోకు తిరిగొస్తుంది. ఆమె ఫోన్ చేతిలోకి తీసుకుంది. ఏమో, పల్చటి మబ్బు ఉందేమో, చిక్కిన కిరణాలు తక్కువ కదా, అనుకుంది. అలా అనుకుంటున్నప్పుడే అది అబద్ధమని ఆమెకు తెలుసు. ఫోన్ చేతిలో ఉండగానే పన్నెండయింది.

సోమవారం పొద్దున శనివారపు కొలతలు వచ్చాయి. గెలాక్సీ చీకటి. వాటితో పాటే మరో కబురు కూడా. ఆకాశమంతా గాలించే చిన్న ఉపగ్రహం ఒకటి శనివారం తెల్లవారాక తుల్లియో కృష్ణబిలం భగ్గుమనడం చూసింది. వెలిగిందని మాత్రం చెప్పగలదు, అంతకు మించి చెప్పే శక్తి దానికి లేదు.

తుల్లియో మోర్తదెల్లా మాంసపు ముక్కలు పెట్టిన రొట్టె నములుతూ వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"చూశావా! శనివారమే! ఇన్నేళ్లకు ఒక్క లెక్క నిజమైంది, అదీ నేను చూడని రోజు. పోనీలే. నీ మబ్బు తొలగిందా?"

"లేదు... చీకటిగానే ఉంది."

"మందపాటిదేమో. మొహం అలా వేలాడేసుకోకు. కుర్చీ ఇటు జరుపు, ఇద్దరం చూద్దాం."

ఆపాలనుకుంది. కుర్చీ జరిపింది. ఆయన ఫైళ్లు తెరిచాడు. లెక్కలు రెండున్నాయి. మొదటి దాంట్లో బిగించిన అంకె, రెండో దాంట్లో విప్పినది. రెండో దాని పక్కన తేదీ, సమయం ఉన్నాయి. శుక్రవారం, పదకొండుంబావు.

ఆయన రెండుసార్లు చదివాడు. కళ్లద్దాలు తీసి స్వెటర్‌కు తుడుచుకుని మూడోసారి చదివాడు.

"పన్నెండుకు ఇంకా ముప్పావు గంట ఉంది" అన్నాడు.

"తుల్లియో గారూ, నేను..."

"ఇంటర్వ్యూలో దీపం ఆరిపోయిందనే చెప్పు. మబ్బని మాత్రం అనకు, పట్టేస్తారు." మిగిలిన రొట్టెను కాగితంలో చుట్టి కోటు జేబులో పెట్టుకున్నాడు. "నువ్వు ఫోన్ చేసుంటే, 'లెక్క తప్పయితే అయింది, ఏదో ఒకటి చూడు, శనివారం నువ్వే ఉంచుకో' అనేవాణ్ణేమో. నిజంగా, అనేవాణ్ణేమో పిల్లా."

తలుపు దగ్గర ఆగాడు.

"ఆ మాట అనే అవకాశం కూడా నాకు లేకుండా చేశావు."