గడ్డి మీద అందరూ నువ్వే

ముసలి వీసి, ఫుట్‌బాల్ మైదానంలో గీతలు గీసే తెల్లరంగు బండి చక్రానికి రెండు చుక్కల నూనె వేసి, దాన్ని ముందుకీ వెనక్కీ తోసి చూశాడు. కీచుమనలేదు. ఆదివారం పూట హింటర్‌విల్ ఊళ్ళో చప్పుడు చేసే పని ఏదీ పెట్టుకోకూడదు. గడ్డి కోసే యంత్రం నిన్న సాయంత్రమే షెడ్డులోకి వెళ్ళి పడుకుంది. గీతలు గీయడానికి మాత్రం ఎవరూ అడ్డు చెప్పరు, చక్రం నోరు మూసుకున్నంతసేపూ.

పొడుగు మనిషి. నడుము దగ్గర కాస్త వంగాడు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఊరి పాలకేంద్రం నేలమాళిగలో చీజు చక్రాలను తిరగేసి, ఉప్పునీళ్ళతో తుడిచిన చేతులు అతనివి. గోళ్ళు పగిలి, వేలి కణుపులు వాల్‌నట్ కాయల్లా ఉబ్బి ఉంటాయి. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, చీజులకి సెలవుండదు కదా అనేవాడు. పని మానేశాక మిగిలింది ఈ మైదానమే. ఒక్కరోజు కూడా బంతి ఆడలేదు గానీ, ఇక్కడ బంతి ఆడిన ప్రతివాడూ అతని గీతల మధ్యే ఆడాడు.

గీత తిన్నగా రావాలంటే కాళ్ళవంక చూడకూడదు. ఎదుటి జెండాకర్ర మీదే చూపు నిలపాలి. ఇవాళ మాత్రం ఆ చూపు పదేపదే మైదానం అంచు తాడుకి అవతల, కంకర మీదున్న సాసేజి పొయ్యి వైపు జారిపోతోంది.

"ఇందర్‌బిట్సిన్ గారూ, మీ కాఫీ చల్లారిపోతోంది!"

"వస్తున్నానండీ, బెట్‌షార్ట్ గారూ" అన్నాడు వీసి. "ఈ మూల ఒక్కటే మిగిలింది."

"మీకెప్పుడూ మూల ఒక్కటే మిగులుతుంది."

లీనా బెట్‌షార్ట్ పొట్టిగా, గుండ్రంగా ఉంటుంది. పొగకి ఎర్రబడ్డ బుగ్గలు. నవ్వితే చేతిలోని పటకారు కూడా నవ్వుతున్నట్టు టకటకలాడుతుంది. భర్త పోయినప్పటినుంచీ ప్రతి ఆటకీ సాసేజీలు కాలుస్తోంది. వాటి చివర్లలో గాట్లు పెడితే నిప్పుల మీద పువ్వుల్లా విచ్చుకుంటాయి. బాగా మాడిన పువ్వొకటి ఎప్పుడూ పక్కన ఉంచుతుంది. అది ఎవరిదో ఇద్దరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు.

ఇవాళ పొయ్యి వెనక ఒక నీలం పెట్టె కూడా ఉంది. ఆట అయ్యాక ఆమె బస్సెక్కుతుంది. కొండల కింది గొట్టార్డ్ సొరంగం అవతల, లొకార్నోలో, అక్క దగ్గర ఉండిపోతుంది.

వీసి కాఫీ తాగుతుంటే జట్టు నాయకుడు బ్లెరిమ్ మేజోళ్ళు లాక్కుంటూ వచ్చి పక్కన చతికిలబడ్డాడు. ఊళ్ళో కరెంటు పనులన్నీ అతనే చేస్తాడు.

"అడిగావా?" అన్నాడు గుసగుసగా.

"ఏం అడగాలి?"

"ఒకరినొకరు నువ్వు అనుకుందామని! ఇన్నేళ్ళుగా మీరు, మీరు, మీరు! వినలేక చస్తున్నాం."

"ఆవిడ ఆడమనిషి. ముందు ఆవిడే అనాలి. పద్ధతి."

"ఆవిణ్ణి అడిగితే, ఆయన పెద్దవారు, ముందు ఆయనే అనాలి, పద్ధతి అంది! మీ రెండు పద్ధతుల మధ్యనుంచి ఇవాళ బస్సు వెళ్ళిపోతుంది నాయనా."

వీసి కప్పులోకి చూశాడు. మీరు నుంచి నువ్వుకి ఊరికే జారిపోవడం మర్యాద కాదు. ఒకరు అడగాలి, గ్లాసు గ్లాసుకి తగలాలి, ఇంటిపేర్లు వదిలి పేర్లు చెప్పుకోవాలి. క్లబ్బులో ఆ బాధ లేదు. గడ్డి మీద కాలు పెట్టినవాడు డాక్టరైనా రైతైనా నువ్వే. కానీ లీనా ఎప్పుడూ తాడు దాటి గడ్డి మీదికి రాలేదు. ఆమెది కంకర.

"గెలిస్తే అడుగుతాను" అన్నాడు వీసి, ఎలా వచ్చిందో తెలియకుండానే.

బ్లెరిమ్ లేచి నిలబడ్డాడు. "అయితే నా నెత్తిన పెట్టావన్నమాట!"

వాళ్ళది అయిదో లీగు. దాని కింద ఇంకేమీ లేదు, ఆవులే. ఇవాళ మోస్‌రీడ్ జట్టు మీద గెలిస్తే నాలుగో లీగులోకి వెళ్తారు. సమానమైతే చాలదు.

ఆట మొదలయ్యేసరికి ఊరంతా తాడు వెంబడి చేరింది. ఆవుమెడ గంటలు తెచ్చి మోగిస్తుంటే పక్క పొలంలోని అసలు ఆవులు తలలెత్తి చూశాయి. మోస్‌రీడ్ ముందు గోలు కొట్టింది. హింటర్‌విల్ సమం చేసింది. విరామంలో ఒక జల్లు కురిసి మూల గీతని కడిగేసింది. వీసి బండి తోసుకుంటూ పరుగున వెళ్ళి మళ్ళీ గీశాడు. జనం అతనికీ చప్పట్లు కొట్టారు. చెవులు ఎర్రబడ్డాయి.

చివరి నిమిషాలు. ఆ మూలనుంచే తన్నాలి. తడి రంగు మీద పెట్టిన బంతి ఒక బుగ్గ తెల్లబరుచుకుని గాల్లోకి లేచింది. అందరికంటే ఎత్తుకి బ్లెరిమ్ ఎగిరాడు. తల తగిలింది. వల ఉబ్బింది.

గంటలు, కేకలు, గాల్లోకి టోపీలు! నుదుటిన తెల్లనామంతో బ్లెరిమ్ పిచ్చివాడిలా పరుగెడుతున్నాడు. రిఫరీ ఆఖరి ఈల వేశాడో లేదో ఎవరికీ వినపడలేదు. వేసే ఉంటాడు, అందరూ తాడు కిందనుంచి మైదానంలోకి దూరేశారు. ఎవరో వీసి రెండు భుజాలూ పట్టుకుని ఊపేస్తున్నారు. టకటకమని పటకారు చప్పుడు.

"చూశావా వీసీ! అబ్బబ్బ, చూశావా!"

"చూశాను లీనా! నువ్వు చూశావా ఆ ఎగరడం!"

ఇద్దరూ ఒక్కసారిగా ఆగిపోయారు. ఆమె పటకారు దించింది.

"క్షమించండి, ఇందర్‌బిట్సిన్ గారూ... నోరు జారింది..."

"లేదండీ, తప్పు నాది, బెట్‌షార్ట్ గారూ..."

"ఆగండాగండి!" బ్లెరిమ్ వచ్చి మధ్యలో పడ్డాడు. "అందరూ ఆవిడ కాళ్ళు చూడండి!"

అందరూ చూశారు. లీనా కూడా చూసుకుంది. బూడిద పడ్డ గోధుమరంగు బూట్లు, చుట్టూ పచ్చటి గడ్డి.

క్లబ్బు అధ్యక్షుడు క్సావెర్ గొంతు సవరించుకున్నాడు. "గడ్డి మీద అందరూ నువ్వే. గోలూ వెనక్కి తీసుకోం, ఇదీ తీసుకోం. ఎవరక్కడ, వైను తెండి!"

కాగితం కప్పులు చప్పుడు చెయ్యవు. అయినా తాకించారు.

"లీనా."

"వీసి."

అంతే.

జనం పాటలందుకున్నారు. ఎవరూ చూడకుండా లీనా మెడలో వేసుకున్న వంటగుడ్డ తీసి మడిచి, నీలం పెట్టె పట్టుకుని గేటు వైపు నడిచింది. మూల దగ్గర బండి హ్యాండిలు పట్టుకుని వీసి చూస్తూ నిలబడ్డాడు. ఆట అయ్యాక చక్రం కడగడం అతని అలవాటు. కుళాయి షెడ్డు వైపు. ఆమె రోడ్డు వైపు.

బండి రోడ్డు వైపు కదిలింది. చూపు జెండాకర్ర మీద లేదు.

పసుపు బస్సు అప్పటికే వచ్చి ఆగింది. వీసి పెట్టె అందుకుని లోపల పెట్టాడు.

"బరువెక్కువ" అంది లీనా మెట్టు మీదనుంచి. "అవతల దింపడం నా వల్ల కాదు. అక్క వాళ్ళ వీధిలో కూడా మైదానం ఉందిట. గీతలు చూస్తే ఏడుపొస్తుందిట."

"చక్రం కడగలేదు" అన్నాడు వీసి.

డ్రైవరు గడియారం చూసుకున్నాడు.

"వస్తావా?" అంది.

వస్తారా అనలేదు. వీసి ఒకసారి రంగు పడి తెల్లబడ్డ తన బూట్లు చూసుకుని, వాటితోనే మెట్టెక్కాడు. తలుపు మూసుకుంది. మలుపు దగ్గర బస్సు మూడు స్వరాల హారను మోగిస్తే, మైదానంలో ఎవరో గంటతో బదులిచ్చారు.

స్టాపు స్తంభానికి ఆనుకుని బండి అక్కడే ఉంది. దాని రంగు కుళాయి కట్టడం మరిచిపోయాడు. మూలజెండా దగ్గర మొదలైన గీత గేటు దాటి, కంకర దాటి, పాములా మెలికలు తిరుగుతూ వచ్చి, ఇంకా ఆరని ఆ చక్రం కింద తెల్లటి చిన్న మడుగై ఆగింది.